పూల గల్లీలో ఒంటికన్ను

నేను ఒక ఒంటికన్ను ముసలిదాన్ని. ఉలిక్కిపడకండి, మనిషిని కాను, కెమెరాను. అరచేతిలో ఇమిడిపోయే వెండిరంగు బుల్లి కెమెరాను. ఆ వెండి చాలాచోట్ల రాలిపోయి కింద నల్లటి ఒళ్ళు కనబడుతోంది లెండి, దాచుకుంటే దాగేది కాదు. మీట నొక్కితే నా కన్ను గుర్రుమంటూ ముందుకు వస్తుంది. మళ్ళీ నొక్కితే గుర్రుమంటూనే లోపలికి పోతుంది. ఆ గుర్రు పుట్టుకతో వచ్చింది కాదు, వయసుతో వచ్చింది. లేచేటప్పుడు మీ మోకాళ్ళు కిర్రుమనడం లేదూ, అలాంటిదే.

నా వయసెంతని మాత్రం నన్ను అడగకండి. కడుపులోంచి సెల్లు తీసేసి పెట్టిన ప్రతిసారీ నాకు కాలం లెక్క తప్పిపోతుంది. మళ్ళీ సెల్లు వేసి లేపితే, ఇవాళే పుట్టాననుకుని లేస్తాను. మనుషులకు ఈ సౌకర్యం లేదు పాపం. పడుకున్నప్పుడు మోసుకెళ్ళిన మూటనే లేచినప్పుడు మళ్ళీ నెత్తికెత్తుకుంటారు.

పుట్టింది సముద్రాలకు అవతల. తెల్లటి గది, తెల్లటి దీపాలు, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని వరసగా కూర్చున్న ఆడపిల్లలు. నా లోపల ఏమేం పెట్టారో, వాటి పేర్లేమిటో నాకు తెలియదు. మీ కాలేయం పేరు పుట్టినప్పుడే మీకు తెలుసా ఏమిటి? నేను మొట్టమొదట చూసింది మాత్రం బాగా గుర్తు. కన్ను పని చేస్తోందో లేదోనని ఒక పిల్ల నన్ను తన వైపు తిప్పుకుని మీట నొక్కింది. నొక్కినప్పుడు బుద్ధిగా, నిటారుగా కూర్చుంది. నేను చూసేసరికి ఇంత నోరు తెరిచి ఆవులించింది. నా తొలి బొమ్మ ఆ ఆవులింతే.

అదీ నా గుణం. మీట నొక్కగానే టక్కున చూసే రకం కాదు నేను. వెలుతురెంత, దూరమెంత అని లోపల కాస్త గొణుక్కుని, ఒక ఊపిరి ఆలస్యంగా చూస్తాను. నా తోటి పుట్టినవాళ్ళందరిదీ అదే గుణం. తర్వాత వచ్చినవాళ్ళు చురుకైనవాళ్ళట. ఉండనీయండి, చల్లగా ఉండాలి.

హైదరాబాదులో నన్ను ముందుగా ఇంటికి తీసుకుపోయినవాడు దామోదర్ గారని, కరెంటాఫీసులో పని చేసే పెద్దమనిషి. ఆ ఇంట్లో నాకెంత మర్యాదనుకున్నారు! చేతులు కడుక్కోకుండా పిల్లలు నన్ను ముట్టుకోకూడదు. పుట్టినరోజులకూ, పుట్టువెంట్రుకలకూ, కొత్త ఫ్రిజ్జు వచ్చినప్పుడూ నన్ను బయటికి తీసేవారు. అందరూ జెండా వందనానికి నిలబడ్డట్టు నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్ళు. దామోదర్ గారు "ఒకటి, రెండు, మూడు" అని నొక్కేవాడు. మూడు అనగానే అయిపోయిందనుకుని అందరూ ఊపిరి వదిలేవాళ్ళు. ఆయన భార్య కుసుమగారు కొంగు లాక్కునేది, పిల్లవాడు ముక్కు గోక్కునేవాడు, తాతగారు "అయిందా?" అని పక్కకు తిరిగేవాడు. అప్పుడు చూసేదాన్ని నేను.

"ఏమండీ, మీకు తియ్యరాక నా మొహం ఇట్ల పడుతుందా, నా మొహమే ఇట్లుంటదా?" అని కుసుమగారు ఒకసారి నిలదీసింది.

"నీ మొహానికేమైంది, లక్షణంగా ఉంది. కెమెరానే మొద్దుది" అని ఆయన తప్పించుకున్నాడు. కాపురం నిలబెట్టుకోవడానికి ఎవరో ఒకరి మీద నెట్టాలి కదా, నా మీద నెట్టాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో నా పేరు మొద్దుది.

తర్వాత ఫోన్లకే కళ్ళు వచ్చాయి. నన్ను చేతిరుమాలులో చుట్టి బీరువాలో పెట్టారు. ఎంతకాలమో తెలియదన్నాను కదా. చీకట్లో ఉన్నప్పుడు నేను చూసినవన్నీ నా ముందు తేలుతుంటాయి. ఆవులించే పిల్ల, కొంగు లాక్కునే కుసుమగారు, కొవ్వొత్తి పొగ. ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి, తాతగారి తెల్లజుట్టు మీద ఎవరిదో పుట్టినరోజు దీపం వెలిగేది. మళ్ళీ లేచేసరికి గురువారం సంతలో నేల మీద పరిచిన ఒక పట్టా మీద, తలలేని బొమ్మకూ తాళంచెవి లేని తాళానికీ మధ్యన ఉన్నాను. పాత మిక్సీతో, ఇస్త్రీపెట్టెతో కలిపి నన్నూ పాత సామాన్లవాడికి ఇచ్చేశారని తెలిసింది. నాకేం కోపం రాలేదు. బీరువాలో కంటే అక్కడే గాలి బాగా వచ్చేది.

అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్న పిల్ల పేరు ఝాన్సీ. కోఠీ దగ్గర కళ్ళద్దాల దుకాణంలో పని. పొద్దంతా ఊరివాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సరిచేయడమే. సంతవాడు ముందే చేతులు దులుపుకున్నాడు. "నడుస్తదో నడవదో నాకు తెల్వదక్కా. నడిచిందనుకో, నీ నసీబు."

ఆ పిల్ల సంచిలోంచి రెండు పెన్సిల్ సెల్లు తీసి నా కడుపులో వేసి మీట నొక్కింది. గుర్రుమని కన్ను తెరిచాను. ఎదురుగా సంతవాడి మొహం, వాడి వెనక మూసీ మీద ఎండ. వాడు నా మీద వెల పెంచుదామా అని ఆలోచిస్తున్నట్టు స్పష్టంగా కనబడింది.

ఝాన్సీ నాకోసం ఎందుకు వెతికిందంటే, ఎక్కడెక్కడి పిల్లలో మాలాంటి పాత బుల్లి కెమెరాలను వెతికి పట్టుకుని, మెళ్ళో వేసుకుని వీధులు తిరుగుతున్నారట. మా బొమ్మల్లో ఎరుపు పండినట్టుంటుందట, దీపం చుట్టూ వెలుతురు పొంగి పాలలా పారుతుందట. అది నా కంటికి పట్టిన పొర అమ్మా అని చెప్పాలనిపించింది గానీ, పొగిడేటప్పుడు అడ్డు తగలకూడదు. అదీగాక, ఫోను ఎత్తితే వీధిలో మనుషులు మీదికొస్తున్నారట. "ఏయ్, ఏం తీస్తున్నవ్? యూట్యూబ్ల పెడ్తవా?" అంటారట. నన్ను చూస్తే ఎవ్వరికీ భయం లేదు. అరటిపళ్ళ బండి ముసలాయన నన్ను చూసి పకపకా నవ్వాడు. "ఇంకా బతికే ఉన్నదా గిది? మా చెల్లె పెండ్లిల గిసుంటిదే ఉండె! తియ్యి బిడ్డా తియ్యి, నా మొహం గూడ పాతదే."

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బయల్దేరేవాళ్ళం. ఆ పొద్దుటిపూటలు నేనెలా చెప్పను! చాయ్ హోటలు ఆవిరి గుమ్మం దాటి వీధిలోకి వచ్చి, సైకిలు మీద పోయే మనిషిని నడుం దాకా మింగేసేది. కడిగిన రోడ్డు మీద ఎర్రబస్సు తలకిందులుగా నడిచిపోయేది. మూసిన షట్టర్ల ముందు పావురాలు ఎవరో పారబోసిన జొన్నల మీద వాలి, ఒక్కసారిగా లేచి, మసీదు గోడ మీద నీడలై పోయేవి. ఝాన్సీ నా గుణం తొందరగానే కనిపెట్టింది. తిట్టలేదు. బస్సు మలుపు తిరగబోతుండగానే నొక్కేది, అది వచ్చి నా చూపులో నిలబడేసరికి నేను సిద్ధం. జరగబోయేదాన్ని ఒక ఊపిరి ముందు పసిగట్టడం అలవాటు చేసుకుంది ఆ పిల్ల. మా ఇద్దరి మధ్యా అలా ఒక సర్దుబాటు.

ఊరంతా తిరిగినా, చివరికి నన్ను తీసుకొచ్చి నిలబెట్టేది పూల గల్లీలోనే. కోఠీ దాటి మూసీ వైపు దిగే ఒక ఇరుకు సందు అది. రెండు పక్కలా గంపలు. బంతి, చామంతి, కనకాంబరం, లిల్లీ, తడిబట్ట కింద ఊపిరి తీసుకునే మల్లె. ఆ గల్లీని ఎత్తేస్తున్నారు. ఊరి చివర కొత్త రేకుల షెడ్లు కట్టారు, తొందర్లోనే అందరూ అక్కడికి పోవాలి. పోయేలోపు గల్లీని బొమ్మల్లో పెట్టుకోవాలని ఝాన్సీ అందరితో చెప్పింది. అది సగం నిజం. మిగతా సగం గల్లీకి ఇటొకరు, అటొకరుగా ఎదురెదురు కూర్చుంది.

ఇటు కూర్చున్నది బాలమణి, ఝాన్సీ తల్లి. అటు కూర్చున్నది సాయమ్మ, బాలమణికి తోడబుట్టిన అక్క. మధ్యలో ఒక మనిషి చేతులు చాపితే రెండు గంపలూ తగిలేటంత దూరం. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకో చెప్తాను. వాళ్ళ తల్లి కాశమ్మ ఆ గల్లీలో పూలమ్మి ఇద్దరినీ పెంచింది. ఎదురెదురుగా, కూర్చుని అమ్ముకునే రెండు గద్దెలు సంపాదించి ఇద్దరికీ ఇచ్చింది. ఆమె పోయిన రోజున పాడె మీదికి పూలు కావలసి వచ్చాయి. బాలమణి ఏడ్చి ఏడ్చి దారం పట్టుకోలేక, ఎవరినో వేరే బజారుకు పంపి దండలు కొనితెప్పించింది. అవతల సాయమ్మ తన ఇంట్లో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, అమ్మకు చామంతుల దుప్పటి అల్లుతోంది. అది ఎత్తుకుని వచ్చేసరికి పాడె అప్పటికే పరాయివాళ్ళ పూలతో నిండిపోయింది. పూలమ్మి బతికిన మనిషి బజారు పూలు కప్పుకుని పోయింది! మీకూ నాకూ అది చిన్న విషయమే కావచ్చు, పూలు కట్టే ఇంట్లో కాదు. సాయమ్మ తన దుప్పటిని మూసీలో వేసి ఇంటికి నడిచిపోయింది. ఆ రోజు మూసిన నోరు చెల్లెలి ముందు మళ్ళీ తెరవలేదు.

ఇప్పుడు కొత్త షెడ్లలో ఎవరి చోటెక్కడో తేల్చడానికి చిట్టీలు తీశారు. బాలమణికి ముందువరసలో వచ్చింది, సాయమ్మకు ఎక్కడో వెనకగేటు దగ్గర వచ్చింది. మాటలెలాగూ లేవు, ఇక చూపులు కూడా ఉండవు. ఝాన్సీ గుండెల్లో ఉన్న రాయి అదే. గల్లీ ఖాళీ అయ్యేలోపు ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట పడకపోతే ఇక పడదని ఆ పిల్ల భయం.

"అమ్మా, జర ఇటు చూడు."

"చూస్తున్న గదనే. తియ్యి తొందరగ, పూలు వాడుతున్నయ్."

బాలమణి గడ్డం ఎత్తి, పెదవులు బిగించి, ఎవరో కొలతలు తీసుకుంటున్నట్టు నిటారుగా కూర్చునేది. ఝాన్సీ నొక్కేది. నేను గొణుక్కునేదాన్ని. అయిపోయిందనుకుని బాలమణి చూపు గల్లీ దాటి అటు పోయేది. సరిగ్గా అప్పుడు నేను చూసేదాన్ని. ఎన్ని బొమ్మలు తీసినా అంతే. చేతులు దారం మీద, కళ్ళు అక్క గంప మీద.

ఝాన్సీ ఆ బొమ్మలు చూసుకుని నిట్టూర్చేది. "గింత కోపమా! కొరికి తినేటట్టు చూస్తున్నది పెద్దమ్మను" అని తనలో తనే అనుకునేది. నేనేమంటాను? నాకు కన్నుంది గానీ నోరు లేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి అవతలి పక్కకు వెళ్ళింది. సాయమ్మ తలెత్తి చూసి కళ్ళు చిట్లించింది.

"ఏందే, బాలమణి బిడ్డవేనా? నా గంపల ఎన్ని పూలున్నయో ఫోటో తీసుకరమ్మన్నదా మీ అమ్మ?"

"లే పెద్దమ్మా, నేనే తీస్తున్న. నా మీదొట్టు."

"ఒట్లెందుకు తియ్యి. ముక్కుపుడక కానొచ్చేటట్టు తియ్యి. కొత్తది. ఊకె తియ్యకు, మంచిగ తియ్యి."

ముక్కుపుడక మెరిసేలా మొహం పెట్టింది. ఝాన్సీ నొక్కింది. నేను చూసేసరికి ముక్కుపుడక పక్కకు తిరిగిపోయింది. సాయమ్మ చూపు గల్లీ దాటి ఇటు, చెల్లెలి గంప మీద ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, మార్కుల కోసం ఎదురుచూస్తున్న పిల్ల మొహంలా ఉంది ఆ మొహం. కోపం ఇలా ఉంటుందా అని నాకే అనుమానం వచ్చింది.

ఇంటికెళ్ళే బస్సులో ఝాన్సీ నా వెనకున్న బుల్లి అద్దంలో బొమ్మలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. ముందుకు తిప్పింది. మళ్ళీ వెనక్కి. కళ్ళద్దాల దుకాణంలో చిన్న గీతలు వెతికే అలవాటు కదా, ఒకటి పట్టుకుంది. తల్లి చూపు అటు పోయిన ప్రతి బొమ్మలోనూ పక్కన చాయ్ గ్లాసు నిండుగా ఉంది, పైన సాసరు బోర్లించి ఉంది. గ్లాసు ఖాళీ అయిన బొమ్మల్లో మాత్రం చూపు పూల మీదే ఉంది. పెద్దమ్మ దగ్గర తీసిన బొమ్మలోనూ సాసరు కింద నిండు గ్లాసే.

మర్నాటి పొద్దున పనికి పోయేముందు గల్లీకి వచ్చి, చాయ్ తెచ్చే జహంగీర్ భాయ్‌ని ఆపింది. తీగల బుట్టలో గ్లాసులు మోసి మోసి ఆ గల్లీలోనే గడ్డం తెల్లబడ్డ మనిషి ఆయన.

"భాయ్, మా అమ్మ చాయ్ ఎందుకు తాగుతలేదు తెచ్చినప్పుడే?"

జహంగీర్ భాయ్ బుట్ట కిందపెట్టి మరీ నవ్వాడు. "అరె బేటీ, గల్లీకంతా తెలుసు, నీకే తెల్వదా? మీ అమ్మమ్మ పెట్టిన కాయిదా గది, కట్టుబాటు! ఇద్దరు బిడ్డలకు బోణీ కావాలె, గప్పుడే చాయ్. ఒక్కామెకు గిరాకొచ్చి ఇంకొక్కామెకు రాకపోతే, చాయ్ సల్లారాలె గని గొంతు దిగొద్దు. కాశమ్మ పోయింది, మాటలు పోయినయ్, కాయిదా పోలె. ఎన్నిసార్లు మల్ల వేడి చేసి తెచ్చిన్నో అల్లాకెరుక."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ. పొద్దుగాల వచ్చి చూడు. తనకు బోణీ అయినంక మీ అమ్మ ఏం చేస్తదో చూడు."

మర్నాడు పొద్దున వచ్చి చూశాం. అమ్మకు బోణీ అయ్యాక ఒకావిడ వచ్చి మల్లెలడిగింది. బాలమణి మల్లెల మీది తడిబట్టను చేత్తో అదిమి పట్టుకుని, "అయిపోయినయమ్మా, గా ఎదురుంగ అడుగు" అంది. ఎదురుంగ ఎవరున్నారో పేరు ఎత్తలేదు, అటు వేలు కూడా చూపలేదు, గడ్డం మాత్రం అటు తిప్పింది. ఆవిడ వెళ్ళి కొంది. అవతల సాయమ్మ తీసుకున్న నోటును కళ్ళకద్దుకుంది. ఇటు సాసరు లేచింది. అటు సాసరు లేచింది. ఇద్దరూ చెరోవైపు తిరిగి ఒకేసారి చప్పరించారు.

ఝాన్సీ నా అద్దంలో పాత బొమ్మలన్నీ మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది.

ఇక ఆగుతుందా ఆ పిల్ల? తల్లి ముందు కూర్చుని నా అద్దాన్ని ఆమె మొహానికి పెట్టింది.

"చూడమ్మా. పెద్దమ్మకు బోణీ అయిందా లేదా అని చూస్తున్నవ్. ఇగో, ఇగో, ఇది గూడ."

"ఏడ? నాకేం కానొస్తలేదు. గంత చిన్న అద్దంల ఏం కనవడ్తది?"

"కళ్ళద్దాలు తెచ్చిన, పెట్టుకో."

"నాకెందుకే అద్దాలు? నా చూపు మంచిగనే ఉన్నది."

"మంచిగుంటె ఫోటో ఎందుకు కనవడ్తలేదు?"

"ఫోటోల నేను లేను గావచ్చు."

"అమ్మా! షెడ్లకు పోయినంక నువ్వు ముందట, ఆమె ఎనక. ఎవల బోణీ ఎవలు చూస్తరే అప్పుడు?"

దారం లాగుతున్న చెయ్యి ఆగింది. వేళ్ళ మధ్య మల్లెలు అలాగే నిలబడ్డాయి. "నేనేం చెయ్యాలె మరి? పోయి కాళ్ళు మొక్కాల్నా? నాకు మాత్రం లేకుండెనా, అమ్మకు నా చేతులతోని కట్టిన పూలు ఎయ్యాలని? చేతులాడలే. గంతే. గది వినేటందుకు గూడ ఆగలే ఆమె, మూసీల పారేసి పాయె" అని గంప వైపు తిరిగింది. ఝాన్సీ నన్ను సంచిలో పెట్టుకుంది. సంచి చీకట్లో చాలాసేపు నాకు ఆ నిలబడిపోయిన మల్లెలే కనబడ్డాయి.

గల్లీకి ఆఖరి పొద్దు వచ్చింది. సగం గద్దెలు అప్పటికే పీకేశారు. నేల మీద నలిగిన బంతిరేకులు, తెగిన దారాలు. గద్దెల మీద ఊడదీసిన పందిళ్ళలోంచి ఏనాడూ ఆ గల్లీలోకి దిగని ఎండ దిగింది. దుమ్ములో ఎండ, ఎండలో పూల పొడి. నా పొర పట్టిన కంటికి ఆ గల్లీ నీళ్ళలో మునిగి ఉన్న ఊరిలా కనిపించింది. మనుషులు దానిలో ఈదుతున్నట్టు మెల్లగా సామాన్లు మోస్తున్నారు. ఝాన్సీ తండ్రి పెంటయ్య తన ట్రాలీ ఆటో తెచ్చి సందు చివర పెట్టి, "అయిందా, అయిందా" అంటున్నాడు. ఆయనకది ఊతపదం.

బాలమణికి బోణీ అయింది. ఆటోకు దండ కావాలని ఒకడొచ్చి కొనుక్కుపోయాడు. ఎదురుగా సాయమ్మకు కాలేదు. గల్లీ లేచిపోతోందని తెలిసి కొనేవాళ్ళే రావడం లేదు. వచ్చిన ఒకావిడను బాలమణి "లేవమ్మా, ఎదురుంగ" అని అటు పంపబోతే, ఆవిడ "గల్లీ అంతా లేవు లేవంటరేంది" అని విసుక్కుని వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకొకడు వచ్చాడు, చిరునామా అడిగిపోయాడు. జహంగీర్ భాయ్ తెచ్చిన చాయ్ సాసరు కింద చల్లారింది. తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చాడు. మళ్ళీ చల్లారింది.

ఎండ గోడ దిగి గద్దె మీదికి పాకింది. సాయమ్మ ఇటు చూడలేదు. గోనె దులిపి మడతపెట్టడం మొదలుపెట్టింది. తల్లి ఇచ్చిన గద్దె మీంచి ఆఖరి రోజున బోణీ కాకుండా దిగబోతోంది. బాలమణి చేతిలో దారం కింద పడింది.

లేచింది. కొంగు దోపుకుంది. అడుగు ముందుకు వేసి, ఆగి, చెప్పులు విడిచింది. గల్లీ దాటి అక్క గంప ముందు నిలబడింది. ఝాన్సీ ఊపిరి తీసుకోవడం మానేసింది, నాకు తెలుసు, నేను ఆ పిల్ల గుండెల మీదే ఉన్నాను.

"మూరెంత?"

సాయమ్మ గోనె మడత ఆపలేదు.

"నిన్నే. మల్లె మూరెంత?"

"గంపెడు పూలు పెట్టుకోని నా తాన కొనవడ్తివా?"

"నా తాన లేవు."

"తడిబట్ట కింద మరేమున్నది, మన్నా?"

"ఇస్తవా, పోవాల్నా?"

సాయమ్మ గోనె కింద పెట్టింది. మల్లెదండ తీసి మోచేతి నుంచి వేలి చివర దాకా కొలిచింది. అక్కడ తెంపకుండా ఇంకో జానెడు జారవిడిచింది. దారం తెంపుతూ, తల ఎత్తకుండానే, "పరాయోళ్ళ పూలే మంచిగుంటయి గద నీకు" అంది. గొంతులో పదును లేదు, అలసట ఉంది.

"గా దినం చేతులాడలేదక్కా" అంది బాలమణి. "నువ్వు కడ్తున్నవని నాకు తెల్వదు. నీ పూలే ఎయ్యకపోతినని నాకు లేదా?"

అక్కా అన్న మాటను ఆ గల్లీలో అందరూ విననట్టే నటించారు. అవతల గంపలు మోస్తున్నవాళ్ళు ఉన్నచోటనే నిలబడి, మోస్తున్నట్టే ఉన్నారు. సాయమ్మ చెల్లెలి చేతిలోంచి నోటు తీసుకుంది. కుడికంటికి అద్దుకుంది, ఎడమకంటికి అద్దుకుంది. రెండో కంటి దగ్గర చెయ్యి చాలాసేపు ఉండిపోయింది.

ఝాన్సీ అప్పుడు నొక్కింది. ఆ తొందరలో నా గుణం మరిచిపోయిందో ఏమో. నేను గొణుక్కున్నాను. వెలుతురెంత, దూరమెంత. నేను చూసేసరికి నోటు లేదు, కన్నీళ్ళు లేవు. సాయమ్మ చెల్లెలి జడ పట్టి గద్దె మీదికి లాగి, మెడ వంచి, జడలో మల్లెలు గుచ్చుతోంది. ఇద్దరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి.

"వంగు! ఏమాయెనే గీ జుట్టు, గింత పల్సగైంది? నూనె పెడ్తలేవా?"

"నీదేమన్న దుబ్బగున్నదా, చెప్పవస్తివి! అమ్మో, గుచ్చుకుంటున్నది!"

"చాయ్ మల్ల సల్లారింది!" అని వెనకనుంచి జహంగీర్ భాయ్ కేకేశాడు. "ఇగ వేడి జెయ్య. గట్లనే తాగుండ్రి ఇయ్యాల!"

తాగారు. చల్లటి చాయ్, ఒకే గద్దె మీద కూర్చుని.

సామాను ఎక్కించే హడావుడిలో ఝాన్సీ నన్ను పూలగంపలో పెట్టింది. కన్ను మూయడం మరిచిపోయింది. ట్రాలీలో గోనెల మీద అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చున్నారు, వాళ్ళ మధ్యన నేనున్న గంప. బండి కదిలింది. నా కంటికి ఆకాశం కనిపించింది, అడ్డంగా కరెంటు తీగలు, తీగల మధ్యన తెగిన గాలిపటం. వంతెన మీదికి ఎక్కినప్పుడు గాలికి ఒక గులాబీరేకు ఎగిరి వచ్చి నా అద్దం మీద వాలింది. ఊరంతా ఎర్రబడింది. తీగలూ మేడలూ ఆకాశమూ ఆ ఎరుపులోనే ఊగుతూ వెనక్కి పోసాగాయి.

"నీ ముందట షెడ్డు పక్కనున్నోణ్ణి అడుగుత, నా జాగతోని మార్చుకుంటడేమో" అంటోంది సాయమ్మ.

"నువ్వడుగకు. నువ్వడిగితే ఉన్నది గూడ పోతది. నేనడుగుత."

"ఆఁ, నీ నోరు మాత్రం తేనె!"

"ముక్కుపుడక బాగున్నది. ఏడ జేపిచ్చినవ్?"

"ఇప్పుడు కానొచ్చిందా నీకు?"

నా కడుపులో సెల్లు అయిపోవస్తున్నాయి. రేపు లేస్తే ఇవాళే పుట్టాననుకుంటాను, నాకు తెలుసు. పెంటయ్య ఆటో గుంతలో పడి లేచింది, గంపలో ఇంకొన్ని రేకులు నా మీదికి దొర్లాయి. పైన ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఆ ఎర్రటి వెలుతురులో, వాళ్ళ మాట తెగకముందే, నాకు నిద్ర పట్టింది.